పట్టిక పైనే దాని వివరం: మాండలిక సేకరణల మెటాడేటా

క్షేత్రపర్యటనలో సేకరించిన మాండలిక పదాలను పరిశోధకులు సాదా పాఠ్య ఫైళ్లలో పట్టికలుగా భద్రపరచడం మెచ్చదగిన పద్ధతే. వాటిని తెరవడానికి ప్రత్యేక సాఫ్ట్‌వేర్ అక్కరలేదు. అయితే ఆ పట్టికను ఎవరు, ఎప్పుడు, ఎక్కడ, ఏ నియమాలతో తయారుచేశారన్న సమాచారాన్ని, అంటే మెటాడేటాను, ఎక్కడ ఉంచాలన్న ప్రశ్నను సాంకేతిక నిపుణులకు వదిలేస్తున్నాం. నిజానికిది పాఠపరిష్కరణ ప్రశ్న. సమాధానం తెలుగు శాఖలే చెప్పాలి.

కల్వకుర్తి ప్రాంతాన్నే చూద్దాం. 2016 అక్టోబరు 11న జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో మహబూబ్‌నగర్ జిల్లాలోని కల్వకుర్తి నాగర్‌కర్నూల్ జిల్లాలోకి, పొరుగునున్న ఆమనగల్లు రంగారెడ్డి జిల్లాలోకి వెళ్లాయి. అంతకు ముందూ తర్వాతా సేకరించిన పట్టికలను తేదీలు లేకుండా కలిపితే ఒకే ఊరి మాట రెండు జిల్లాల మాటగా కనిపిస్తుంది. పరిపాలనా సరిహద్దు మాండలిక సరిహద్దుగా చలామణి అవుతుంది. ఖాళీ గడికి అర్థం ఆ పదం వాడుకలో లేదనా, అసలు అడగలేదనా? 'చ' అని రాసినప్పుడు దంత్యమైన 'ౘ'ను వేరుగా గుర్తించారా? 'కుంచం' ఏ ప్రాంతపు కొలత? పట్టిక ఒక్కటే వీటికి జవాబు చెప్పలేదు.

మెటాడేటాను వేరే ఫైలులో ఉంచాలని కొందరంటారు. వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం 2015 డిసెంబరులో ఇచ్చిన సిఫారసులు ఈ పద్ధతికి బలమిచ్చాయి. పట్టికలో వ్యాఖ్యావాక్యాలు చేరిస్తే యంత్రం వాటిని కూడా దత్తాంశంగా చదువుతుందన్నది వీరి అభ్యంతరం. అది నిజమైన ఇబ్బందే. కాని హ్యాష్ గుర్తుతో మొదలయ్యే వరుసలను విడిచిపెట్టమని ఒక్క ఆదేశమిస్తే తీరిపోతుంది. విడిపోయిన ఫైలును మాత్రం ఏ ఆదేశమూ తిరిగి తేలేదు.

ఫైలు మొదట్లో ఒక్కసారి చెబితే చాలదా అన్నది మరో వాదం. భద్రిరాజు కృష్ణమూర్తి వ్యవసాయ పదాల మాండలిక వృత్తి పదకోశం 1962లో వెలువడింది. అచ్చుపుస్తకంలో పీఠిక, పదాలు ఒకే అట్టల మధ్య ఉంటాయి. ఫైలుకు ఆ రక్షణ లేదు. వాడుకునేవారు కావలసిన పట్టికను మాత్రమే కత్తిరించి తీసుకుపోతారు.

ఈ సమస్య మనకు కొత్త కాదు. ఆశ్వాసాంత గద్యలో కవి పేరు ప్రతి ఆశ్వాసానికీ పునరావృతమైంది గనుక కొన్ని ఆకులు పోయినా కర్తృత్వం నిలిచింది. లేఖకుడి పేరు, ప్రతి రాసిన కాలం చివరి ఆకుపై మాత్రమే ఉన్నచోట ఆ ఆకుతోనే నశించాయి. కాబట్టి ప్రతి పట్టికకూ దాని మెటాడేటా విడిగా ఉండాలి. అదీ పట్టికకు పైనే ఉండాలి. గడుల అర్థం తెలిశాకే గడులను చదవాలి గదా. దీన్ని పునరుక్తి అనవచ్చు. కావ్యంలో దోషమైన పునరుక్తి భద్రపరచడంలో గుణమే.

సర్వే ప్రశ్నావళి వంటి సుదీర్ఘ వివరాలు వేరే ఫైలులో ఉన్నా నష్టం లేదు. స్థలం, తేదీ, సేకర్త, లిపి నియమం, కొలమానం, ఖాళీ గడి అర్థం అన్న ఆరు వరుసలు మాత్రం పట్టికను విడిచి ఉండరాదు. అవి లేని పట్టికను సిద్ధాంతగ్రంథానికి అనుబంధంగా పరీక్షకులు అంగీకరించరాదు.