ఊళ్ల మధ్యలో హెలికాప్టర్ దించాలంటే.. రూల్స్ ఏం చెబుతున్నాయి? అసలు రిస్క్ ఎక్కడుంది?

హెలికాప్టర్ వస్తోందంటే చాలు.. ఊరు ఊరంతా గ్రౌండ్ దగ్గరే ఉంటుంది. గోడల మీద పిల్లలు, చేతుల్లో సెల్‌ఫోన్లు, బారికేడ్ల మీద కార్యకర్తలు. ఒక్కోసారి ఆ జనమే సమస్య అవుతున్నారు.

2025 ఏప్రిల్ 8న శ్రీ సత్యసాయి జిల్లా పాపిరెడ్డిపల్లి పర్యటనలో జరిగింది అదే. పరామర్శకు వచ్చిన మాజీ సీఎం జగన్ హెలికాప్టర్ దగ్గరకు కార్యకర్తలు ఒక్కసారిగా దూసుకొచ్చారు. విండ్‌షీల్డ్ దెబ్బతింది. ఈ పరిస్థితిలో వీఐపీని ఎక్కించుకోలేమంటూ పైలట్లు ఖాళీ హెలికాప్టర్‌తోనే వెళ్లిపోయారు. జగన్ రోడ్డు మార్గంలో బెంగళూరు వెళ్లాల్సి వచ్చింది. భద్రత ఇవ్వలేదని వైసీపీ, సరిపడా బందోబస్తు పెట్టామని పోలీసులు.. మాటల యుద్ధం మామూలే.

ఇంతకీ రూల్ ఏంటి? జనావాసాల మీదుగా వెళ్తే, 600 మీటర్ల పరిధిలో ఉన్న అన్నింటికన్నా ఎత్తైన అడ్డంకి కంటే కనీసం 300 మీటర్లు, అంటే దాదాపు వెయ్యి అడుగులు పైన ఎగరాలి. ఇది అంతర్జాతీయ రూల్. అయితే టేకాఫ్, ల్యాండింగ్‌లకు మినహాయింపు ఉంది. మరి రిస్క్ ఎక్కువగా ఉండేదే అక్కడ కదా!

అందుకే భారమంతా హెలిప్యాడ్ మీద పడుతుంది. మన దగ్గర సభలకు వేసేవి చాలావరకు తాత్కాలిక హెలిప్యాడ్లే. కాలేజీ గ్రౌండో, కోత అయిపోయిన పొలమో చూసి చదును చేస్తారు. మధ్యలో సున్నంతో 'హెచ్' గుర్తు వేస్తారు. ఫైరింజన్, అంబులెన్స్ రెడీగా పెడతారు. ట్యాంకర్లతో నీళ్లు కొడతారు. ఈ నీళ్లు కొట్టడం చిన్న పనిలా కనిపిస్తుంది గానీ.. అది సరిగ్గా జరగకపోతే రెక్కల గాలికి లేచే దుమ్ములో పైలట్‌కు నేలే కనిపించదు.

జనం తర్వాత పెద్ద శత్రువు కరెంటు తీగలు. 2017 మే 25న మహారాష్ట్రలోని నిలంగాలో అప్పటి సీఎం ఫడ్నవీస్ హెలికాప్టర్ టేకాఫ్ అయిన కాసేపటికే తీగల్లో చిక్కుకుని, ఇళ్ల పక్కనే కూలింది. అందులో ఉన్నవాళ్లంతా ప్రాణాలతో బయటపడ్డారు. కరెంటు ఆపేసినా రిస్క్ పోదు. తీగలు అక్కడే ఉంటాయి, పైనుంచి చూస్తే సరిగ్గా కనిపించవు కూడా.

స్థలం సేఫ్ కాదనిపిస్తే దించకుండా వెళ్లిపోవచ్చు, ఆ నిర్ణయం పైలట్‌దే. పాపిరెడ్డిపల్లి పర్యటనలో హెలికాప్టర్ నేల మీద ఉంది కాబట్టి 'కుదరదు' అని చెప్పడానికి టైమ్ దొరికింది. అదే కిందికి దిగుతుండగా జనం బారికేడ్లు దాటి లోపలికొస్తే.. పైలట్ చేతిలో ఉండేది కొన్ని సెకన్లే.