ఫ్యూజు చెప్పే మాట

రైల్వే క్వార్టరులో నివసించినన్నాళ్లు దీపం ఆరిపోతే ఎలక్ట్రికల్ విభాగానికి ఫిర్యాదు వ్రాయించి నిశ్చింతగా ఉండేవారము. పదవీ విరమణానంతరం ఖరగ్‌పూర్‌లోనే సొంత ఇల్లు కట్టుకొని స్థిరపడిన తెలుగు కుటుంబాలలో మాదీ ఒకటి. ఇక్కడ ఫిర్యాదు చేసేదీ మేమే, అందుకొనేదీ మేమే. అందుచేత అనుభవం నేర్పిన నాలుగు మాటలు ఈ మాసం పాఠకులతో పంచుకొంటున్నాము.

కాలబైశాఖి గాలివాన వీచిన సాయంత్రం ఇల్లు చీకటైనదనుకొందాం. ముందుగా పొరుగిళ్లను చూడాలి. వీధి యావత్తూ చీకటిగా ఉంటే లోపం సరఫరాలోనిది. మన ఇల్లు మాత్రమే ఆరిపోతే, చేతులు తుడుచుకొని, పొడి రబ్బరు చెప్పులు తొడుగుకొని, టార్చిలైటుతో బోర్డు వద్దకు వెళ్లాలి. కాలిన వాసన, చిటపట ధ్వని, తడి ఉన్నచో బోర్డును తాకక ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాలి.

అవేవీ లేక ఎం.సి.బి. మీట దిగి ఉంటే, ఆ వరుసలోని స్విచ్చులన్నీ ఆపి, ప్లగ్గులన్నీ ఊడదీసి, ఒక్కసారి మీట పైకెత్తి చూడాలి. అప్పటికీ నిలువకపోతే లోపం వైరింగులో ఉన్నట్లే. మళ్లీ మళ్లీ ఎత్తరాదు. నిలిస్తే ఒక్కొక్కటిగా కలుపుతూ రావాలి. దేనిని కలిపినపుడు మీట దిగునో దోషం అందులోనే ఉన్నది. స్విచ్చు ఆపితే చాలదా అని కొందరడుగుతారు. చాలదు. స్విచ్చు ఫేజు తీగను మాత్రమే తెంపుతుంది, న్యూట్రల్ కలిసే ఉంటుంది. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. ఉన్న ఇళ్లలో ఆ న్యూట్రల్ లోపమే దానిని దించివేయవచ్చు.

మా వీధిలోని ఒక ఇంట పాత ఫ్యూజు వారంలో మూడుసార్లు పోయినది. విసిగి అందులో లావుపాటి రాగితీగ బిగించారు. ఆపై ఫ్యూజు పోలేదు. అసలు కారణం, దీపాల వరుసకు కలిపిన 2000 వాట్ల గీజరు. 230 వోల్టుల వద్ద అది దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. ఆ వరుసకున్నది 5 ఆంపియర్ల ఫ్యూజు. కడకు ఫ్యూజు కరగవలసినది, గోడలోని తీగ కాలినది. తెల్లవారుజామున పొగ చూసి మెయిన్ స్విచ్ ఆపినది ఆ ఇంటి ఇల్లాలు. గృహస్థు అప్పటికి నైట్ డ్యూటీ నుండి తిరిగి రాలేదు.

మరొక మాట. ఫ్రిజ్ తాకితే చేయి జివ్వుమన్నచో ఎర్తింగును అనుమానించాలి. ఇక్కడి ఎర్రమొరం నేల వేసవిలో ఎండి బిగుసుకొంటుంది. ఎండిన నేల విద్యుత్తును సులభంగా స్వీకరించదు. ఎర్తు గుంటలో నీరు పోయడం మంచి అలవాటే, కాని జివ్వుమన్న పరికరాన్ని పరీక్ష చేయించనిదే వాడరాదు.

ఫ్యూజు పోవడం వ్యాధి కాదు, వ్యాధి లక్షణం. దాని నోరు నొక్కరాదు. మెయిన్ స్విచ్ ఎక్కడ ఉన్నదో, ఎలా ఆపాలో నేటి సాయంత్రమే ఇంటిల్లిపాదికీ చూపవలసినదిగా మనవి.