విల్మ్స్ కణితి

విల్మ్స్ కణితి అనునది చిన్నపిల్లల మూత్రపిండాలలో పుట్టే ఒక కాన్సర్. దీనినే నెఫ్రోబ్లాస్టోమా అని కూడా అంటారు. పిల్లలకు వచ్చే మూత్రపిండ కాన్సర్లలో అత్యధిక భాగం ఇదే. సుమారు పదివేల మంది పిల్లలలో ఒకరికి ఇది వస్తుంది. ఎక్కువగా ఐదేళ్ళు నిండకముందే బయటపడుతుంది. జర్మనీకి చెందిన శస్త్రవైద్యుడు మాక్స్ విల్మ్స్ 1899లో ఈ కణితులను గురించి విపులముగా వ్రాసినందున ఆయన పేరే దీనికి స్థిరపడినది.

కారణాలు

గర్భస్థ శిశువులో మూత్రపిండము తయారగునపుడు కొన్ని కణాలు పరిణతి చెందక మిగిలిపోయి, తరువాత అదుపు తప్పి పెరుగుట వలన ఈ కణితి ఏర్పడుతుంది. 11వ క్రోమోసోముపై ఉన్న డబ్ల్యుటి1 అను జన్యువుకు దీనితో సంబంధమున్నదని 1990లో కనుగొన్నారు. అయినను ఎక్కువమంది పిల్లలలో ఇది వంశపారంపర్యము కాదు. గర్భిణిగా ఉన్నపుడు తల్లి చేసిన ఏదో పొరపాటు వలన వచ్చినదనుకొనుట నిరాధారము. కంటిపాపలో రంగు పొర లేకుండా పుట్టినవారికి, శరీరములో ఒక పక్క రెండవ పక్కకంటె పెద్దదిగా ఉన్నవారికి ముప్పు ఎక్కువ కనుక, వారికి సుమారు ఏడేళ్ళ వయసు వరకు మూడు నెలలకొకసారి అల్ట్రాసౌండ్ పరీక్ష చేయిస్తారు.

లక్షణాలు

చాలాసార్లు బిడ్డకు స్నానం చేయించునపుడో, బట్టలు తొడుగునపుడో తల్లి చేతికి కడుపులో ఒక పక్క గట్టి గడ్డ తగులుతుంది. నొప్పి ఉండకపోవచ్చును. బిడ్డ ఆడుకుంటూనే ఉంటాడు. అందువలన దీనిని నులిపురుగులుగానో, 'బల్ల' (ప్లీహము వాపు) గానో పొరబడి కాలయాపన చేసే అవకాశమున్నది. మూత్రములో రక్తము, జ్వరము, రక్తపుపోటు కొందరిలో కనిపిస్తాయి. గడ్డను పదేపదే నొక్కి చూడరాదు. అది పగిలితే కాన్సర్ కణాలు కడుపులోనికి చెదరి, మరింత తీవ్రమైన చికిత్స అవసరమగును.

చికిత్స

వ్యాధి సోకిన మూత్రపిండమును శస్త్రచికిత్సతో తొలగించి విన్‌క్రిస్టిన్, ఆక్టినోమైసిన్-డి మందులు ఇస్తారు. వ్యాధి ముదిరినవారికి డాక్సోరూబిసిన్, రేడియేషన్ కూడా అవసరమవుతాయి. 1969లో మొదలైన అమెరికా అధ్యయనాలు ముందు శస్త్రచికిత్సను, 1971లో మొదలైన ఐరోపా అధ్యయనాలు ముందు మందులను అనుసరించినవి. రెండింటి ఫలితాలు దాదాపు సమానము. కణితి బాగా పెరిగిన తరువాత ఆసుపత్రికి వచ్చేచోట ముందు మందులిచ్చి దానిని కుదించుటయే మేలనిపిస్తుంది. మిగిలిన ఒక్క మూత్రపిండముతో బిడ్డ సాధారణ జీవితము గడపగలడు.

దేశాల మధ్య అంతరము

సంపన్న దేశాలలో ఈ వ్యాధి సోకిన పిల్లలలో సుమారు 90 శాతం మంది బ్రతుకుతున్నారు. పేద దేశాలలో పలుచోట్ల ఈ సంఖ్య అందులో సగము దగ్గరే ఉన్నది. ఈ తేడాకు కారణము కొత్త మందులు కావు. ఆక్టినోమైసిన్-డి 1950లలో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ వాడినది. విన్‌క్రిస్టిన్ మన పెరళ్ళలో పూచే బిళ్ళగన్నేరు నుండి వచ్చినది. పాతబడినంత మాత్రాన అవి ఎల్లప్పుడూ దొరుకుతాయనీ లేదు: 2019లో ఒక తయారీదారు తప్పుకొనగానే అమెరికాలోనే విన్‌క్రిస్టిన్‌కు కొరత వచ్చినది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ప్రారంభించిన కార్యక్రమము, 2030 నాటికి కాన్సర్ సోకిన పిల్లలలో కనీసం 60 శాతం మందిని బ్రతికించుటను లక్ష్యముగా పెట్టుకొని, ప్రత్యేకముగా ఎంచుకొన్న ఆరు వ్యాధులలో విల్మ్స్ కణితిని చేర్చినది. 2021లో మెంఫిస్‌లోని సెయింట్ జూడ్ ఆసుపత్రితో కలిసి మందుల సరఫరా పథకమును ప్రకటించగా, 2025లో మంగోలియా, ఉజ్బెకిస్తాన్‌లకు తొలి మందులు చేరినవి.

భారతదేశములో మరొక చిక్కు చికిత్సను మధ్యలో మానివేయుట. శస్త్రచికిత్సతో గడ్డ పోతుంది, బిడ్డ మళ్ళీ పరుగులు తీస్తాడు. జబ్బు నయమైనదని కుటుంబము భావిస్తుంది. కాని కంటికి కనబడని కణాల కొరకు మందులు తరచుగా నెలల తరబడి సాగవలెను. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ వంటి పథకాలు చికిత్స ఖర్చును తగ్గించినా, పట్నములో బస, పోగొట్టుకున్న కూలి, ఇంటివద్ద మిగిలిన పిల్లల ఆలనాపాలనా మందుల చీటీలో కనబడవు. బిడ్డ రావలసిన రోజున రాకపోతే ఆసుపత్రి నుండి ఫోను చేసి కనుక్కొనుట, ఉండుటకు గది చూపుట వంటివి కొత్త మందు కంటె చవక.