‘వేచే’ అనగా మాట

ఒక జాతి తన సభకు పెట్టుకొన్న పేరులో ఆ సభపట్ల దానికి గల భావన దాగియుండునని మా అభిప్రాయం. రష్యా దేశపు ప్రాచీన వర్తకనగరమైన నోవ్‌గొరోద్ ఇందుకు చక్కని నిదర్శనం. వోల్ఖొవ్ నదీతీరాన వెలసిన ఆ నగరంలో పౌరసభను ‘వేచే’ అనేవారు. తెలుగు చెవికి ఈ శబ్దం నిరీక్షణవలె తోచవచ్చును గాని, స్లావ్ భాషలలో దాని మూలానికి పలుకుట, ఆలోచన చెప్పుట అని అర్థం. మనకు చిరపరిచితమైన ‘సోవియట్’ పదం కూడా ఆ ధాతువునుండి పుట్టినదే.

ఆ పలుకు బలహీనమైనది కాదు. 1136లో నోవ్‌గొరోద్ పౌరులు తమ రాజు వ్సేవొలోద్‌ను నగరంనుండి వెడలగొట్టారు. అటుపిమ్మట రాజును ఒడంబడికపై రప్పించుకొనుట వారికి ఆచారమైంది. గంట మ్రోగగానే సభ కూడేది. 1478లో మాస్కో ప్రభువు మూడవ ఇవాన్ నగరాన్ని లోబరచుకొని, ఆ గంటను దింపించి మాస్కోకు తరలించాడు. సభ నోరు మూయించదలచినవానికి గంట ఎంతటిదో తెలుసు.

అయితే ఆ సభలో పలికినదెవరు? స్వతంత్రపౌరులందరూ అని కొందరు చరిత్రకారులు. మూడు నాలుగు వందలమంది సంపన్న ప్రముఖులేనని యానిన్ వంటివారు. 1951 మొదలు అక్కడి త్రవ్వకాలలో వేయికి పైగా భూర్జపత్రలేఖలు బయటపడ్డాయి. వాటిలో వర్తకుల లెక్కలు, స్త్రీల ఉత్తరాలు, ఓన్ఫిమ్ అనే బాలుడు దిద్దుకొన్న అక్షరాలు ఉన్నాయి. వ్రాయనేర్చినవారు ఇందరుండగా సభలో పలికినవారు కొందరేనా అన్న ప్రశ్న మమ్ము వదలడం లేదు. మన తెలుగులో ప్రాబల్యానికి ‘పలుకుబడి’ అని పేరు. పలుకుబడి గలవారికే పలుకు దక్కినచో అది సభ కాజాలదు.

ఉర్దూలో సభను ‘మజ్లిస్’ అంటారు. అరబ్బీ ధాతువును బట్టి అది కూర్చొను చోటు. మన కళాశాల సభలలో కూర్చొనుటకు లోటు లేదు. వేదికపై పెద్దలు, ఎదుట విద్యార్థులు, చివర వందనసమర్పణ. లోటు పలుకుటకే. ఏడాదికి రెండుమార్లయినా ఒక సర్వసభ్య సమావేశం జరిపి, మొదటి సంవత్సరపు విద్యార్థి, వెనుక వరుసలోని విద్యార్థిని సైతం తెలుగులోనో ఉర్దూలోనో ప్రశ్న అడుగుటకు, దానికి సమాధానం పొందుటకు వీలు కల్పించవలసిందిగా కళాశాల కమిటీవారిని సవినయంగా కోరుతున్నాము.

సోదర విద్యార్థులకు మా మనవి ఒక్కటే. ‘వేచే’ అనగా వేచియుండుట కాదు. గంట మ్రోగిననాడు లేచి పలుకుట.