సారథి గుండెకు రక్ష యేది?

దృఢతాపత్రము లేని బస్సు రోడ్డెక్కుట నేరమని చట్టము ఘోషించుచున్నది. ఆ బస్సును నడపువాని గుండె మాటేమి? కదిరి డిపోనుండి అనంతపురమునకును, హిందూపురమునకును, మదనపల్లెకును మండుటెండలో గంటలతరబడి కదలక కూర్చుండి బండి తోలువాని ప్రాణముతో ప్రయాణికులందరి ప్రాణములు ముడివడి యున్నవి.

“గుండెజబ్బు వాని బీడీవలన, వాని తిండివలన వచ్చినది, సంస్థ కేమి సంబంధము?” అని వాదించువారు కలరు. ఈ వాదమునకు 1953లోనే దెబ్బ తగిలినది. ఆ యేట జెర్రీ మోరిస్ అను వైద్యుడు, మెట్లెక్కి దిగు లండను బస్సు కండక్టర్లకంటె కూర్చుండి నడపు డ్రైవర్లకే గుండెజబ్బు హెచ్చని వెల్లడించెను. ఇతర కారణములును ఉండవచ్చును గాక. పనితీరునకు బాధ్యత లేదనుట మాత్రము చెల్లదు.

2020 జనవరి 1న ఆర్టీసీ యుద్యోగులు ప్రభుత్వోద్యోగులైరి. ఇక యజమాని ప్రభుత్వమే. ఏటేట డిపోలోనే రక్తపుపోటును, చక్కెరను, కొవ్వును పరీక్షింపవలయును. పొగాకు మాన్పింపవలయును; క్యాంటీనులో ఉప్పును, నూనెను తగ్గింపవలయును; విశ్రాంతివేళలను కాపాడవలయును.

అసలు చిక్కు వేరొకటి కలదు. రక్తపుపోటు తరచుగా నొప్పి తెలుపక వచ్చును. పరీక్షలో దోషము కనబడినవాని డ్యూటీ తీసి జీతము కోసినచో, రేపు ఒక్కడును పరీక్షకు రాడు. ఉద్యోగములో వికలాంగుడైనవానిని తొలగింపరాదని, జీతము తగ్గింపక తగిన వేరుపని యీయవలెనని 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టపు 20వ సెక్షను శాసించుచున్నది. ఆ ధర్మమునే గుండెజబ్బువానికిని వర్తింపజేయుడని మేము కోరుచున్నాము.

కదిరి పౌరులారా! చనిపోయినపిమ్మట మల్లెదండ వేయు యజమాని మనకు వలదు. బ్రదికియుండగా నాడి పట్టి చూచు యజమాని కావలయును.