సీటు కొనేముందు పొలం చూపించమనండి

ఇంటర్ ఫలితాలు వచ్చిన వారానికే ఊళ్లలోకి ఏజెంట్లు దిగుతారు. చేతిలో రంగుల బ్రోచర్, నోట్లో ఒకటే మాట: "బీఎస్సీ అగ్రికల్చర్ సీటు, ఇప్పుడే అడ్వాన్స్ కడితే ఖాయం." డాక్టరు సీటు రాదని తేలిపోయిన ఇంట్లో ఈ మాట బాగా చెల్లుతుంది. బిడ్డ వ్యవసాయాధికారి అవుతుందంటే ఏ రైతు కాదంటాడు?

విత్తనం కొంటే బిల్లు తీసుకోండి, లాట్ నంబరు చూడండి, ఖాళీ సంచి కూడా దాచండి అని మన సంఘం ఏళ్ల తరబడి చెబుతోంది. విత్తనం మొలవకపోతే పోయేది ఒక పంట. ఇక్కడ పోయేది నాలుగేళ్లు, వాటితోపాటు ఎకరమో రెండెకరాలో. అయినా సీటు దగ్గరకొచ్చేసరికి మనం బిల్లు కూడా అడగం.

మన సభ్యుడొకరు పొరుగు రాష్ట్రంలో కూతురిని చేర్పించడానికి ఎకరం తాకట్టు పెట్టాడు. డిగ్రీ చేతికొచ్చాక పీజీకి దరఖాస్తు నింపుతుంటే ఐసీఏఆర్ గుర్తింపు వివరాలు అడిగారు. ఆ కాలేజీకి అది లేదు. "యూజీసీ గుర్తింపు ఉంది కదా" అని యాజమాన్యం జవాబు. అది అబద్ధం కాదు. అందుకే మోసపోవడం తేలిక.

ఈ తిరకాసు ఎక్కడుందో సభ్యులు తెలుసుకోవాలి. పశువైద్య డిగ్రీకి 1984 నాటి చట్టం ఉంది, వెటర్నరీ కౌన్సిల్ గుర్తించకపోతే ఆ డిగ్రీతో వైద్యం చేయలేరు. వ్యవసాయ డిగ్రీకి దేశస్థాయిలో అలాంటి చట్టం లేదు. ఐసీఏఆర్ ఇచ్చేది అక్రెడిటేషన్, అంటే నాణ్యత గుర్తింపు. అది లేకుండానే ప్రైవేటు విశ్వవిద్యాలయం కోర్సు పెట్టుకోవచ్చు. డిగ్రీ చెల్లుతుంది గానీ ఐసీఏఆర్ పీజీ సీట్ల దగ్గర తలుపు మూసుకుంటుంది. కొన్ని ఉద్యోగ నోటిఫికేషన్లూ ఈ గుర్తింపే అడుగుతాయి. పైగా అది శాశ్వతం కాదు, గడువుంటుంది. విశ్వవిద్యాలయం పేరు ఒక్కటే చూస్తే చాలదు, మన బిడ్డ చేరే కాలేజీకి, ఆ కోర్సుకు ఉందా, ఎప్పటిదాకా ఉందో చూడాలి. జాబితా ఐసీఏఆర్ వెబ్‌సైటులో దొరుకుతుంది. పిల్లల ఫోనులో చూడటానికి పది నిమిషాలు చాలు.

తర్వాత కాలేజీకి వెళ్లి పొలం చూపించమనండి. ఏసీ గదులు, హాస్టల్ భోజనం తర్వాత. ఎన్ని ఎకరాలుంది, నీళ్లెక్కడివి, పోయిన రబీలో పిల్లలు ఏం వేశారు? మట్టి చూస్తే అది దున్నిన పొలమో ఫోటోల కోసం ఉంచిన బీడో మనకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ పరీక్షలో మనల్ని మించినవాళ్లు లేరు.

ఇంకో దారి మన ఊళ్లోనే ఉంది. నాలుగో ఏడాదిలో రావెప్ కింద విద్యార్థులు పల్లెల్లో ఉండి రైతులతో పనిచేస్తారు. వాళ్లను అరుగు మీద కూర్చోబెట్టి అడగండి. కాలేజీలో ఎంతమంది ప్రొఫెసర్లున్నారో, ల్యాబులో నిజంగా ఏం చేయిస్తారో దాచకుండా చెబుతారు.

ఏజెంటు చెప్పనిది మరొకటుంది. మన రెండు రాష్ట్రాల వ్యవసాయ విశ్వవిద్యాలయాల్లో 40 శాతం సీట్లు రైతు కోటావి. పల్లెలో కనీసం నాలుగేళ్ల చదువు, కనీసం ఎకరం భూమి ఉండాలి. కౌన్సెలింగ్ నోటిఫికేషన్ వచ్చాక పత్రాల కోసం తిరిగితే గడువు దాటిపోతుంది, ముందే తీసిపెట్టుకోండి. భూమి కాగితం అడిగే ఈ కోటాలో కౌలు రైతు బిడ్డకు చోటెక్కడ అన్న ప్రశ్న అలాగే ఉంది. హైదరాబాదులో ఉండే పట్టాదారు బిడ్డ కంటే ఆ బిడ్డే పొలంలో ఎక్కువ నడిచి ఉంటుంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ మేనేజ్‌మెంట్ కోటాకు వర్తించదన్న సంగతి కూడా డబ్బు కట్టాకే చాలామందికి తెలుస్తోంది.

రైతులు జాగ్రత్త పడితే చాలదు, ప్రభుత్వాల బాధ్యతా ఉంది. రంగా పేరున, జయశంకర్ పేరున విశ్వవిద్యాలయాలు పెట్టుకున్నాం, వాటిలో సీట్లు చాలకే మన పిల్లలు ఏజెంట్ల చేతిలో పడుతున్నారు. సీట్లు పెంచాలి, ఖాళీగా ఉన్న అధ్యాపక పోస్టులు నింపాలి. గుర్తింపు ఉన్న కాలేజీల జాబితాను కౌన్సెలింగ్‌కు నెల ముందే తెలుగులో అచ్చువేసి తెలంగాణలో రైతు వేదికల వద్ద, ఆంధ్రలో రైతు సేవా కేంద్రాల వద్ద అంటించాలి. దీనికి పెద్ద బడ్జెట్ అక్కర్లేదు. ఈ డిమాండుతో మండల కమిటీలు కలెక్టర్లకు వినతిపత్రాలు ఇవ్వాలని కోరుతున్నాం. ఈలోపు మీ ఊరికి ఏజెంటు వస్తే అడ్వాన్స్ కట్టకుండా ముందు కమిటీకి ఒక మాట చెప్పండి. జాబితా చూడటానికి, అవసరమైతే ఆ కాలేజీ దాకా తోడు రావడానికి మేం సిద్ధంగా ఉన్నాం.