చాదర్‌ఘాట్ వాడకు ఒక పేరుంది

2024 సెప్టెంబరు చివర్లో హైదరాబాదు చాదర్‌ఘాట్ దగ్గరి మూసానగర్, శంకర్‌నగర్ బస్తీల్లో అధికారులు ఇళ్ళ గోడల మీద ఎర్ర రంగుతో మూడు ఇంగ్లీషు అక్షరాలు రాసిపోయారు. ఆర్.బి.ఎక్స్. అంటే ఈ ఇల్లు నదిగర్భంలో ఉంది, పోవాల్సిందేనని అర్థం. అక్టోబరు మొదట్లో కూల్చివేత మొదలైంది. కొన్ని కుటుంబాలు మలక్‌పేట వైపు డబుల్ బెడ్‌రూం ఇళ్ళకు సామాను మూట కట్టుకుని పోయాయి. మిగిలినవాళ్ళు ఎర్ర అక్షరాల కిందనే వంట చేసుకుంటూ, పిల్లల్ని బడికి పంపుకుంటూ భయంతో గడిపారు.

వీళ్ళు ఎవరు? ఆటో నడిపేవాళ్ళు, ఇళ్ళల్లో పాచిపని చేసేవాళ్ళు, పాత సామాన్లు ఏరేవాళ్ళు, రోజుకూలీలు. ముస్లింలు, దళితులు, వెనుకబడిన కులాలవాళ్ళు. కరెంటు మీటరు, నల్లా బిల్లు, రేషన్ కార్డు, ఓటరు కార్డు అన్నీ ఇచ్చిన ప్రభుత్వమే ఇవాళ వీళ్ళని ఆక్రమణదారులు అంటున్నది. ఓటు అడగటానికి వచ్చినపుడు ఈ ఇల్లు నదిలో ఉన్నదని ఏ నాయకుడికైనా కనబడిందా?

ఆక్రమణ అనే మాట వాడేముందు ఈ వాడ చరిత్ర కొంచెం చదవమంటున్నాం.

మూసీ ఆనకట్ట మీంచి నీళ్ళు దుప్పటి పరిచినట్టు జారేవి గనక చాదర్‌ఘాట్ అన్న పేరు వచ్చిందంటారు. ఒకప్పుడిది హైదరాబాదు నగరంలో భాగం కాదు. ఏటికి ఉత్తరాన, ఇంగ్లీషు రెసిడెంటు బంగళా చుట్టూ పెరిగిన శివారు. 1831లో ఇక్కడ వంతెన కట్టారు. చాలాకాలం దీనికి వేరే మునిసిపాలిటీ ఉండేది. 1933లో గానీ నగరంలో కలవలేదు. రెసిడెన్సీ తర్వాత కోఠీ మహిళా కళాశాల అయింది. 2024లో ఆ విశ్వవిద్యాలయానికి చాకలి ఐలమ్మ పేరు పెట్టారు. సంతోషమే. కానీ ఆ గోడలకు కూతవేటు దూరంలోనే ఐలమ్మల ఇళ్ళు కూలిపోతుంటే ఆ పేరుకి అర్థమేమిటి?

ఈ ప్రాంతం మనకి ఇంకో కారణంగా ముఖ్యం. మాదరి భాగ్యరెడ్డివర్మ 1906లో జగన్మిత్ర మండలి పెట్టి హరికథల ద్వారా మన వాడల్లో ప్రచారం మొదలుపెట్టాడు. 1910లో చాదర్‌ఘాట్ పక్కనున్న ఇసామియా బజారులో మన పిల్లలకు బడి పెట్టాడు. అలాంటి బడులు తర్వాత ఇరవై దాటాయి. 1911లో మన్యసంఘం పెట్టాడు. జోగిని ఆచారం మీద, తాగుడు మీద, బాల్యవివాహాల మీద పోరాడాడు. ఆది హిందూ భవనం చాదర్‌ఘాట్‌లోనే లేచింది. మనల్ని తిట్టుపేర్లతో కాదు, మేం పెట్టుకున్న పేరుతో పిలవండని ఆ ఉద్యమం అడిగింది. 1931 నిజాం రాజ్యం జనాభా లెక్కల్లో 'ఆది హిందూ' అని రాయించింది. పేరు కోసం అంత పోరాటం జరిగిన చోట ఇవాళ మనుషులకి పేరు లేదు, గోడ మీద మూడక్షరాలు ఉన్నాయి.

ఇక ఈ వాడ బతుకు చూడండి. మొహర్రం పదోనాడు బీబీకా ఆలం డబీర్‌పురా నుంచి ఊరేగింపుగా బయలుదేరి చాదర్‌ఘాట్‌కే చేరుతుంది. ఆషాఢం వస్తే ఇదే దారిలో బోనం ఎత్తుతారు. పల్లెల్లో పీర్లెత్తుకుని ఎగిరింది మన మాల మాదిగలే గనక ఈ కలయిక మనకి కొత్త కాదు. ఇంట్లో పిల్లకి జరమొస్తే పక్కింటివాళ్ళు చూసుకుంటారు, చిట్టీ డబ్బులు అవసరానికి అందుతాయి, పని నడిచిపోయే దూరంలో దొరుకుతుంది. ఇల్లు కూలిస్తే ఇటుకలే కాదు, ఇవన్నీ కూలతాయి.

నదికి వరద వస్తుంది, ప్రాణాలు పోతాయి, వాళ్ళ మంచికే ఖాళీ చేయిస్తున్నాం అంటున్నారు. వరద నిజమే. మేం కాదనటం లేదు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగితే పదిహేను వేలమంది దాకా చనిపోయారని అంచనా. అఫ్జల్‌గంజ్‌లో ఒక చింతచెట్టెక్కి నూటయాభైమంది దాకా బతికారు. ఆ తర్వాత వచ్చిన విశ్వేశ్వరయ్య ఏం తేల్చాడు? మూసీ పరీవాహకంలో 788 చెరువులుంటే అందులో 221 తెగాయన్నాడు. అంటే ముంపు పైనుంచి వచ్చింది. ఒడ్డున గుడిసె వేసుకున్నవాడి వల్ల కాదు. అందుకే ఎగువన 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తిచేశారు.

ఆ జలాశయాల ఎగువన 84 గ్రామాల్లో కట్టడాలు రాకూడదని 1996లో జీవో 111 ఇచ్చారు. 2022లో జీవో 69తో ఆ ఆంక్షలు ఎత్తేశారు. ఎగువన భూములున్నవాడికి సడలింపు, దిగువన గుడిసె ఉన్నవాడికి బుల్డోజరు. ఇదేం న్యాయం?

ఇంకో సంగతి. 1994లో ఇమ్లీబన్‌లో, మూసీ రెండు పాయల మధ్య, ప్రభుత్వమే పెద్ద బస్టాండు కట్టింది. దాని పక్కనే మెట్రో స్టేషనూ వచ్చింది. 2025 సెప్టెంబరు 26 రాత్రి పై జలాశయాల గేట్లెత్తితే బస్టాండులోకి నీళ్ళొచ్చి ప్రయాణికులు చిక్కుకుపోయారు. ఆ వరదే మూసానగర్‌నూ ముంచింది. నీళ్ళకి తేడా తెలియలేదు. ఎర్రరంగు పట్టుకు తిరిగినవాళ్ళకి తెలిసింది. ప్రభుత్వం నదిలో కడితే అభివృద్ధి. పేదవాడు నది పక్కన కడితే ఆక్రమణ.

చట్టం ఉంది గదా, కోర్టుకి పోవచ్చుగదా అంటారు. 1985లో ఓల్గా టెల్లిస్ కేసులో సుప్రీంకోర్టు బతుకుతెరువు కూడా జీవించే హక్కులో భాగమేనన్నది. 2024 నవంబరు 13న బుల్డోజర్ల మీద ఇచ్చిన తీర్పులో పదిహేను రోజుల నోటీసు లేకుండా కూల్చొద్దన్నది. మంచి తీర్పే. కానీ రోడ్డు, ఫుట్‌పాత్, రైలుపట్టా, నది, చెరువు పక్కన ఉన్న అనుమతి లేని కట్టడాలకి ఆ రక్షణ వర్తించదన్న మినహాయింపూ అందులోనే ఉంది. ఊరి నడుమ జాగా మనకెవడిచ్చాడు? పల్లెలో వెలివాడ, పట్నంలో మురుగు ఒడ్డు. మనం ఎక్కడ మిగిలామో అక్కడికే మినహాయింపు వచ్చి ఆగింది.

ఇది మొదటిసారి కూడా కాదు. 1990ల చివర్లో నందనవనం పేరు చెప్పి మూసీ ఒడ్డు బస్తీలని నగరం అంచుకి, కర్మన్‌ఘాట్ వైపుకి తరలించారు. మనుషులు పోయారు. మూసీ బాగుపడిందా? వాసన చూసినవాడికి తెలుసు. నదిలోకి మురుగు వదిలింది బస్తీ ఒక్కటే కాదు, మొత్తం మహానగరం. నది శుభ్రం కావాలని అందరికన్నా ముందు కోరుకునేది దాని పక్కన నిద్రపోయేవాడే.

కాబట్టి మేం అడుగుతున్నవి ఇవి. ముందు నోటీసు, చర్చ, ఆ తర్వాతే సర్వే. ముంపులో ఉన్న ప్రతి కుటుంబానికీ, కిరాయికి ఉంటున్నవాళ్ళతో సహా, నడిచిపోయే దూరంలో పట్టాతో ఇల్లు. పిల్లల బడి సంవత్సరం మధ్యలో తెగకూడదు. గేట్లెత్తే ముందు ప్రతి గల్లీకీ హెచ్చరిక అందాలి. ఎగువ ఫాంహౌసులకీ దిగువ గుడిసెకీ ఒకే కొలత.

1927లో అంబేడ్కర్ మహద్ చెరువు దగ్గరికి నడిచి ఈ నీళ్ళు మావి కూడానని చాటాడు. నీటి మీద హక్కున్నవాడికి నీటి ఒడ్డు మీద మాత్రం హక్కు లేదా? భాగ్యరెడ్డివర్మ బడి పెట్టిన ఆ గల్లీలకి పోదాం. ఎర్ర అక్షరాల పక్కన ఆ ఇంటివాళ్ళ పేర్లు పెద్దగా రాద్దాం. ఎవరిని లేపుతున్నారో పాలకులు చదువుకోనీ.

జై భీమ్.